కొత్త నగరాలతో బీదరికం పోతుందా?

2007 వ సంవత్సరంలో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశం నుంచి వచ్చిన ఒక వార్త ప్రపంచాన్ని ఆకర్షించింది. ఆ దేశపు రాజధాని కొనాక్రీలో విమానాశ్రయం బయట, బండ్లు నిలిపే ఆవరణలో, దీపస్తంభాల క్రింద విద్యార్థులు కూర్చుని పాఠాలు చదువుకుంటున్నారు. పరీక్షలు దగ్గరపడ్డాయి. వారి ఇళ్ళలో వెలుతురు లేదు.

విద్యుద్దీపం కొత్తగా కనిపెట్టిన వస్తువు కాదు. 1882 లోనే న్యూయార్కులో ఎడిసన్ స్థాపించిన విద్యుత్కేంద్రం చుట్టుప్రక్కల వీధులకు కరెంటు సరఫరా చేసింది. ఆ విద్యలో ఈనాడు రహస్యమేమీ లేదు. ఏ దేశపు కళాశాలలోనైనా దాన్ని నేర్పుతారు. రాగి తీగ, టర్బైను, బల్బు డబ్బిస్తే దొరుకుతాయి. మరి 125 సంవత్సరాలు గడిచినా ఆ పిల్లల ఇంటికి దీపం ఎందుకు రాలేదు?

దీనికి సమాధానం భౌతికశాస్త్రంలో దొరకదు. చాలా బీద దేశాలలో కరెంటు ధరను ఉత్పత్తి ఖర్చుకంటె తక్కువగా నిర్ణయిస్తారు. ఉద్దేశం మంచిదే. కాని ఒక యూనిట్ తయారు చేయటానికి 10 రూపాయలు ఖర్చయి, అమ్మితే 6 రూపాయలే వస్తాయనుకుందాం. అప్పుడు విద్యుత్ సంస్థకు ప్రతి కొత్త ఇల్లూ ఒక కొత్త నష్టమే అవుతుంది. తీగ లాగకుండా ఊరుకోవటమే దానికి లాభం. అప్పటికే కరెంటు ఉన్నవారికి చౌక ధర దక్కుతుంది. లేనివారికి చీకటి మిగులుతుంది. అటువంటి దేశాలలోనే సెల్‌ఫోన్ సంస్థలను ఖర్చు రాబట్టుకునే ధర పెట్టుకోనిచ్చారు కనుక, దీపం లేని గ్రామాలకు కూడా ఫోను చేరింది. రెండింటికీ యంత్రాలు ఉన్నాయి. తేడా నిబంధనలో ఉన్నది.

అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు పాల్ రోమర్ 2009 లో ఈ విద్యార్థుల ఉదాహరణ చూపి ఒక సాహసమైన సూచన చేశారు. పాతచోట్ల నిబంధనలు మార్చటం కష్టమైతే, ఖాళీ నేలమీద కొత్త నిబంధనలతో కొత్త నగరాలు కట్టాలని, ఇష్టపడినవారు అక్కడికి వచ్చి బ్రతుకుతారని ఆయన వాదించారు. 2025 లో ప్రపంచ బ్యాంకు రోజుకు 3 డాలర్లను కడు బీదరికానికి గీటురాయిగా తీసుకున్నది. ఆ లెక్క ప్రకారం ఆ గీత క్రింద ఉన్నవారు సుమారు 80 కోట్ల మంది. ఇంతమంది భవిష్యత్తుకు సంబంధించిన సూచన కనుక దీనిని శ్రద్ధగా పరీక్షించటం అవసరం.

వస్తువులు, భావాలు, నిబంధనలు

రోమర్ వాదానికి పునాది వస్తువుకూ భావానికీ ఉన్న భేదం. ఒక రొట్టెను ఒకరు తింటే రెండవవారికి ఉండదు. భావం అటువంటిది కాదు. 1971 లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి రోగుల మరణాలను బాగా తగ్గించారు. ఆ పాళ్ళు ఒక ఊరివారు వాడుకున్నందువల్ల మరొక ఊరివారికి తరిగిపోలేదు. ఒకసారి తెలిసిన భావం ఎందరికైనా ఉపయోగిస్తుంది. ఆర్థికాభివృద్ధికి మూలం ఈ తరగని భావాలేనని గణితరూపంలో నిరూపించినందుకు రోమర్‌కు 2018 లో విలియం నార్డ్‌హౌస్‌తో పాటు నోబెల్ బహుమానం లభించింది.

భావాలు రెండు విధాలు. ఉప్పునీటి పాళ్ళ వంటివి మొదటి రకం. వీటిని సాంకేతిక జ్ఞానం అంటాం. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో చెప్పేవి రెండవ రకం, ఇవే నిబంధనలు. రోడ్డుకు ఎడమవైపున నడవాలన్నది ఒక నిబంధన. దానికి ఇనుము అక్కరలేదు, సిమెంటు అక్కరలేదు. కాని దానికి ఒక విచిత్రమైన లక్షణం ఉన్నది. ఎదుటివాడు కూడా పాటిస్తాడన్న నమ్మకం ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. మందు సూత్రాన్ని ఒక్క వైద్యుడు నేర్చుకున్నా రోగి బ్రతుకుతాడు. నిబంధనను ఒక్కడే పాటిస్తే ప్రమాదానికి గురవుతాడు. ఈ సంగతి చివరివరకూ గుర్తుంచుకోవాలి.

పాత నగరంలో ప్రతి నిబంధన వెనుక దానివల్ల లాభపడేవారు ఉంటారు. చౌక కరెంటు అందుకుంటున్నవారు ధర పెంచటానికి ఒప్పుకోరు. కొత్తచోట అటువంటి అలవాటుపడిన హక్కులు తక్కువ. ఇటువంటి ప్రయత్నాలు చరిత్రలో లేకపోలేదు. జర్మనీలో బాల్టిక్ సముద్ర తీరాన ఉన్న ల్యూబెక్ నగరాన్ని 1159 లో హెన్రీ అనే ప్రభువు తిరిగి స్థాపించి, వర్తకులకు అనుకూలమైన చట్టాన్ని ఇచ్చాడు. తరవాత ఆ తీరంలోని ఎన్నో పట్టణాలు ల్యూబెక్ చట్టాన్నే తమదిగా స్వీకరించాయి. ఆ విధంగా ప్రభువు నగరానికి ఇచ్చే అధికారపత్రాన్ని ‘చార్టర్’ అనేవారు. రోమర్ తాను సూచించిన నగరాలకు ‘చార్టర్ నగరాలు’ అని పేరుపెట్టింది ఇందువల్లనే.

నగరమే ఎందుకు?

నిబంధనలు మార్చటానికి గ్రామమో జిల్లానో కాక నగరమే ఎందుకు కావాలి? జనం దగ్గరదగ్గరగా నివసించినప్పుడు కొన్ని లాభాలు వాటంతట అవే పుడతాయి. ఒక దర్జీ కొట్టు మూతపడితే గ్రామంలో ఆ పనివాడు వీధిన పడతాడు. నగరంలో ప్రక్క వీధిలో పని వెతుక్కుంటాడు. ఒక మరమ్మతుదారు చేసిన చిట్కా పదిమంది చూసి నేర్చుకుంటారు.

దీనిని కొలిచి చూసిన శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. 2007 లో లూయీ బెట్టెన్‌కోర్ట్, జాఫ్రీ వెస్ట్, వారి సహచరులు అమెరికా, జర్మనీ, చైనా మొదలైన దేశాల నగరాల లెక్కలను పరిశీలించారు. నగర జనాభాను ‘జ’ అనుకుంటే, రోడ్ల వైశాల్యం, తీగల పొడవు వంటివి స్థూలంగా ‘జ’ యొక్క 0.85 ఘాతం చొప్పున పెరుగుతున్నాయని, కూలి మొత్తాలు, కొత్త ఆవిష్కరణల సంఖ్య వంటివి 1.15 ఘాతం చొప్పున పెరుగుతున్నాయని వారు కనుగొన్నారు. లాగరిథమ్ పట్టిక తెలిసిన విద్యార్థి దీని అర్థాన్ని తానే తేల్చవచ్చు. జనాభా రెట్టింపైతే రోడ్లు, తీగలు సుమారు 1.8 రెట్లు చాలు. సంపాదన మాత్రం సుమారు 2.2 రెట్లు అవుతుంది. అనగా తలకు ఖర్చు తగ్గి, తలకు ఆదాయం పెరుగుతుంది. అయితే నేరాలు, అంటువ్యాధులు కూడా రెండవ సూత్రం ప్రకారమే పెరుగుతాయి. వాటిని అదుపులో పెట్టేది మంచి పరిపాలనే.

పల్లెలనుంచి పట్టణాలకు వలస ఎలాగూ ఆగదు. ప్రపంచ నగరాల జనాభా 2050 నాటికి మరొక 250 కోట్లు పెరుగవచ్చునని ఐక్యరాజ్యసమితి 2018 లో అంచనా వేసింది. వారు చేరే చోట ఎటువంటి నిబంధనలు ఉంటాయన్నదే తేలవలసిన ప్రశ్న.

సరిహద్దున ఒక ప్రయోగం

ఈ ప్రశ్నకు ఆధునిక కాలంలో దొరికిన అతి పెద్ద నిదర్శనం దక్షిణ చైనాలోని షెన్‌జెన్ నగరం. అది రోమర్ సూచనకంటె ముందే, చైనా ప్రభుత్వం స్వయంగా చేసిన ప్రయోగం.

షెన్‌జెన్ ఒకప్పుడు చిన్న జాలరిపల్లె అని తరచు వ్రాస్తుంటారు. అది పూర్తిగా సరికాదు. 1979 కి పూర్వం ఆ ప్రాంతం గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో బావోఆన్ అనే తాలూకా. అందులో ఎన్నో గ్రామాలు, రైలుస్టేషను గల ఒక సంత పట్టణం, మూడు లక్షలకు పైగా జనం ఉన్నారు. వారి ఎదుట ఒక చిన్న నది. అవతలి గట్టు అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్. రెండు గట్లపైనా ఒకే జాతి ప్రజలు, ఒకే భాష మాట్లాడేవారు, చాలాచోట్ల ఒకే కుటుంబంలోనివారు. ఐనా అవతలివారి సంపాదన ఇవతలివారికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రతి సంవత్సరం వేలాదిమంది రాత్రివేళ ఆ సముద్రపు పాయను ఈది పారిపోయేవారు. కొందరు మునిగి మరణించేవారు. 1977 లో డెంగ్ జియావోపింగ్ గ్వాంగ్‌డాంగ్ వచ్చినప్పుడు అధికారులు ఈ సంగతి చెప్పారు. ఇది సైన్యం ఆపగల విషయం కాదని, లోపం విధానంలో ఉన్నదని ఆయన అభిప్రాయపడ్డారు.

1979 లో రాష్ట్ర నాయకుడు షీ ఝాంగ్‌షున్ తమ రాష్ట్రానికి కొంత స్వేచ్ఛ ఇవ్వవలసిందని కేంద్రాన్ని కోరారు. 1980 ఆగస్టు 26 న చైనా జాతీయ శాసనసభ స్థాయీసంఘం ప్రత్యేక ఆర్థిక మండలాల చట్టాన్ని ఆమోదించింది. షెన్‌జెన్, జుహాయ్, షాంటౌ, షియామెన్ అనే నాలుగు చోట్లను ఎన్నుకున్నారు. షెన్‌జెన్ మండలపు వైశాల్యం 327.5 చదరపు కిలోమీటర్లు. అక్కడి సంస్థల లాభాలపై పన్ను నూటికి 15 వంతులు మాత్రమే. విదేశీయుల పెట్టుబడికి అనుమతి ఉన్నది. కార్మికులను ఒప్పందంపై నియమించవచ్చు. మండలానికీ మిగిలిన దేశానికీ మధ్య 80 కిలోమీటర్లకు పైగా కంచె కట్టారు. చైనా పౌరులు కూడా అనుమతిపత్రం లేకుండా ఆ కంచె దాటరాదు. ప్రయోగం వికటిస్తే దేశానికి సోకకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. రసాయన ప్రయోగశాలలో ప్రమాదకరమైన చర్యను మొదట చిన్న పరీక్షనాళికలో జరిపినట్లే ఇదీ జరిగింది.

నాలుగు పైసల కథ

నిబంధనలోని స్వల్పమైన మార్పు ఎంత పనిచేయగలదో షెకౌ రేవులో తెలిసింది. షెన్‌జెన్ పశ్చిమ భాగంలోని ఈ చోట మండలపు చట్టం కంటె ముందే, 1979 లో, యువాన్ గెంగ్ అనే అధికారి ఆధ్వర్యంలో రేవు నిర్మాణం మొదలయింది. మన్ను మోసే కార్మికునికి రోజుకు 55 బండ్లు అని లెక్క కట్టి, ఆపైన తోలిన ప్రతి బండికీ 4 ఫెన్‌లు అదనంగా ఇస్తామన్నారు. ఫెన్ అంటే చైనా యువాన్‌లో నూరవవంతు, మన పైస వంటిది. కార్మికులు రోజుకు 80, 90 బండ్లు తోలసాగారు. ఇది సమానత్వ సూత్రానికి విరుద్ధమని పైఅధికారులు 1980 లో ఆ బహుమతిని నిలిపివేశారు. వెంటనే పని 20, 30 బండ్లకు పడిపోయింది. విషయం బీజింగ్‌లోని పెద్దల దాకా వెళ్ళింది. వారు అనుమతించగా బహుమతి తిరిగి వచ్చింది. నేల మారలేదు, పారలు మారలేదు, మనుషులు మారలేదు.

ఇటువంటి పరీక్షలే తరవాత పెద్ద ఎత్తున జరిగాయి. 1984 లో షెన్‌జెన్ ధాన్యపు కూపన్లను రద్దుచేసింది. మిగిలిన దేశంలో అవి 1993 వరకు సాగాయి. 1987 డిసెంబరు 1 న 8,588 చదరపు మీటర్ల స్థలాన్ని 50 సంవత్సరాల వాడుక హక్కుతో బహిరంగంగా వేలం వేశారు. భూమి అమ్మకం గాని, కౌలుకివ్వటం గాని అప్పటికి చైనా రాజ్యాంగం ప్రకారం నిషిద్ధం. పాట 52 లక్షల 50 వేల యువాన్‌ల వద్ద ముగిసింది. నాలుగైదు నెలలకే, 1988 ఏప్రిల్‌లో, వాడుక హక్కును బదిలీ చేసుకునేందుకు వీలుగా రాజ్యాంగాన్ని సవరించారు. ఈ వరుస గమనించదగినది. ముందు ఒకచోట పరీక్ష జరిగింది, ఫలితం చూశారు, అటుపిమ్మట దేశానికంతటికీ నిబంధన మారింది. 1984 లోనే మరి 14 తీరపు నగరాలకు ఇటువంటి స్వేచ్ఛ ఇచ్చారు. 1992 లో షెన్‌జెన్‌కు స్వంతంగా శాసనాలు చేసుకునే అధికారం వచ్చింది.

నగరం ఆశ్చర్యకరంగా పెరిగింది. 1985 లో పూర్తయిన 53 అంతస్తుల భవనంలో మూడు రోజులకొక అంతస్తు లేచిందని చెప్పుకునేవారు. 2018 నాటికి నగరపు ఉత్పత్తి విలువ హాంకాంగ్‌ను మించింది. 2020 జనాభా లెక్కలలో షెన్‌జెన్‌లో ఒక కోటి 75 లక్షల మందికి పైగా ఉన్నట్లు తేలింది. 2010 లో మండలాన్ని నగరమంతటికీ విస్తరించారు. 2018 లో ఆ పాత కంచెకు చట్టరీత్యా స్వస్తి చెప్పారు.

ఎవరు కట్టారు, ఏమి చెల్లించారు?

అంకెలు చూసి అక్కడితో ఆగితే సగం కథే తెలుస్తుంది. షెన్‌జెన్‌ను కట్టినవారు దూరపు పల్లెలనుంచి వచ్చిన యువతీయువకులు. చైనాలో ‘హుకోవ్’ అనే కుటుంబ నమోదు పద్ధతి ఉన్నది. పుట్టిన ఊరిలో నమోదైనవానికి ఆ ఊరిలోనే పాఠశాల, వైద్యం మొదలైన హక్కులు. కనుక ఫాక్టరీలో పనిచేసే వలస కార్మికుడు ఎన్నేళ్ళున్నా నగరానికి పూర్తి పౌరుడు కాలేకపోయాడు. అనేకమంది తమ బిడ్డలను పల్లెలో తాత, అవ్వల వద్ద వదలి వచ్చారు.

వారికి తలదాచుకునే చోటు ప్రభుత్వ ప్రణాళికలో లేదు. ఆ కొరతను పాత గ్రామాలవారు తీర్చారు. నగరం పొలాలను తీసుకున్నా, గ్రామస్థులకు ఇళ్ళస్థలాలను మిగిల్చింది. వారు ఆ స్థలాలలో అయిదారు అంతస్తుల మేడలు కట్టి గదులు అద్దెకిచ్చారు. ఒక మేడ కిటికీనుంచి ఎదుటి మేడలోని మనిషితో చేయి కలపవచ్చునన్నంత దగ్గరగా కట్టటంవల్ల వాటికి ‘కరచాలనపు మేడలు’ అని పేరు వచ్చింది. వెలుతురు తక్కువ, ఇరుకు ఎక్కువ. ఐనా కొత్తగా వచ్చిన కూలివానికి నగరంలో కాలుమోపే చోటు అదే. బీదవారికి ఆ నగరపు తలుపు తెరిచినది, ఏ పటంలోనూ గీయని ఈ సందులు.

1993 నవంబరులో షెన్‌జెన్‌లోని ఒక ఆటబొమ్మల ఫాక్టరీలో నిప్పంటుకున్నది. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపులకు తాళాలు. 80 మందికి పైగా కార్మికులు, అధికంగా పల్లె యువతులు, మరణించారు. ఆ మరుసటి సంవత్సరం చైనాలో దేశవ్యాప్తమైన కార్మిక చట్టం ఆమోదం పొందింది. పెట్టుబడికి హామీ ఇచ్చే నిబంధనలు 1980 లోనే వచ్చాయి. పనిచేసేవారిని కాపాడే నిబంధనలు అంత త్వరగా రాలేదు. చార్టర్ నగరాలను గురించి మాట్లాడేవారు ఈ వ్యత్యాసాన్ని మరువరాదు.

చైనాలో నాలుగు దశాబ్దాలలో సుమారు 80 కోట్ల మంది కడు బీదరికంనుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. ఆ ఘనతనంతా షెన్‌జెన్‌కు కట్టబెట్టటం కూడా తప్పే. 1978 తరవాత సమష్టి పొలాలను కుటుంబాలవారీగా పంచి సాగుకిచ్చారు. పల్లెలలో పేదరికం తగ్గటానికి తొలి కారణం అది. నగరాలు రెండవ మెట్టు.

కంచె వేస్తే చాలునా?

ప్రత్యేక మండలమనే భావం చైనాలో పుట్టలేదు. ఐర్లండులోని షానన్ విమానాశ్రయం వద్ద 1959 లోనే ఒక స్వేచ్ఛా మండలం ఏర్పడింది. మన దేశంలో గుజరాతు తీరాన కాండ్లాలో 1965 లో ఎగుమతి మండలం స్థాపించారు. ఆసియాలో అదే మొదటిది. షెన్‌జెన్‌కంటె 15 సంవత్సరాలు పెద్దది. 1989 లో విశాఖపట్నంలోనూ అటువంటి మండలం ఏర్పాటైంది. మరి కాండ్లా ఎందుకు షెన్‌జెన్ కాలేదు?

కాండ్లా కంచె లోపల ఉన్నవి ఫాక్టరీలు మాత్రమే. అక్కడ సుంకాల నిబంధన మారింది. భూమి, గృహనిర్మాణం, స్థానిక పరిపాలనలకు సంబంధించిన నిబంధనలు మారలేదు. అది మండలమే గాని నగరం కాదు. షెన్‌జెన్‌కు మరొక అదృష్టం ఉన్నది. నది దాటితే హాంకాంగ్; అక్కడి పెట్టుబడి, వర్తకుల అనుభవం, రేవు, బంధుత్వాలు అందుబాటులో ఉన్నాయి. అదే చట్టంక్రింద మొదలైన షాంటౌ అంతగా ఎదగకపోవటం దీనికి సాక్ష్యం. ఒకే విత్తనం వేసినా నేలనుబట్టి పంట మారుతుంది.

హోండూరస్ చెప్పిన పాఠం

రోమర్ తన సూచనను అమలులో చూడాలని ఆశించిన దేశం మధ్య అమెరికాలోని హోండూరస్. 2009 లో అక్కడ సైన్యం అధ్యక్షుని తొలగించింది. తరవాత ఎన్నికైన ప్రభుత్వం 2011 లో రాజ్యాంగాన్ని సవరించి ప్రత్యేక నగరాలకు చట్టం చేసింది. వ్యవహారాన్ని పారదర్శకంగా నడిపేందుకు ఒక స్వతంత్ర సంఘం ఉండాలన్నది రోమర్ షరతు. ఆ సంఘానికి చట్టబద్ధమైన అధికారం రాకుండానే ప్రభుత్వం ఒప్పందాలు చేసుకోవటంతో 2012 లో ఆయన తప్పుకున్నారు. ఆ సంవత్సరం అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. డిసెంబరులో అక్కడి శాసనసభ నలుగురు న్యాయమూర్తులను తొలగించింది. 2013 లో అటువంటి చట్టమే మరొక పేరుతో తిరిగి వచ్చింది.

ఈ చట్టంక్రింద రోవటాన్ అనే దీవిలో ఒక ప్రైవేటు సంస్థ ‘ప్రోస్పెరా’ అనే నగరాన్ని ప్రారంభించింది. దాని పన్నులు వేరు, నిబంధనలు వేరు, వివాదాలు తీర్చే పద్ధతి వేరు. ప్రక్కనే ఉన్న క్రాఫిష్ రాక్ అనే జాలరి గ్రామంవారికి ఒక భయం పట్టుకున్నది. నగరం విస్తరించవలసివస్తే తమ నేలను ప్రభుత్వం తీసుకుంటుందేమో అని. బలవంతంగా భూమి తీసుకునే ఉద్దేశం తమకు లేదని సంస్థ అన్నది. కాని చట్టంలో ఆ అవకాశం ఉన్నప్పుడు, తమను అడగకుండా చేసిన చట్టాన్ని ఆ గ్రామస్థులు ఎలా నమ్ముతారు? అన్ని ప్రత్యేక నగరాలపై పర్యవేక్షణకు 21 మంది సభ్యులతో సంఘం నియమించారు. అందులో విదేశీయులు కూడా ఉన్నారు, ప్రజలు ఎన్నుకున్న సంఘం మాత్రం కాదది.

2021 ఎన్నికలలో ఈ చట్టాన్ని రద్దుచేస్తామన్న షియొమారా కాస్ట్రో గెలిచారు. 2022 ఏప్రిల్‌లో శాసనసభ ఏకగ్రీవంగా చట్టాన్ని రద్దుచేసింది. సంస్థ అంతర్జాతీయ న్యాయసంఘం వద్ద వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పరిహారం కోరింది. అది ఆ దేశపు సాలీనా ఉత్పత్తిలో ఇంచుమించు మూడవవంతు. 2024 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానం ఈ మండలాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. బీదరికం పోగొట్టటానికి తెచ్చిన చట్టం ఒక బీద దేశాన్ని న్యాయస్థానం మెట్లెక్కించింది.

మూడు ప్రశ్నలు

షెన్‌జెన్, హోండూరస్ ఉదాహరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. మంచి నిబంధనలను వ్రాయటం కష్టం కాదు. ఒక దేశపు చట్టాన్ని చూసి మరొక దేశం నకలు తీసుకోవచ్చు. రేపు కూడా ఆ నిబంధన నిలుస్తుందన్న నమ్మకాన్ని మాత్రం నకలు తీయలేం. షెన్‌జెన్ వెనుక ఒక రాజ్యం నలభై ఏళ్ళు విడువకుండా నిలబడింది. ఫలితం చూసి తన చట్టాలను దిద్దుకున్నది. హోండూరస్‌లో ప్రయోగాన్ని ఒక ప్రభుత్వం తెచ్చింది, న్యాయస్థానం కాదన్నది, మరొక ప్రభుత్వం తీసివేసింది. ప్రజల సమ్మతి లేని చోట పెట్టుబడిదారుకూ భద్రత లేదు, జాలరికీ భద్రత లేదు.

కనుక ఎక్కడైనా ఇటువంటి కొత్త నగరాన్ని తలపెట్టినప్పుడు మూడు ప్రశ్నలు అడగటం మంచిది. మొదటిది: బీదవాడు అక్కడికి స్వేచ్ఛగా వచ్చి, ఉండి, తన బిడ్డను బడికి పంపగలడా? రెండవది: అప్పటికే ఆ నేలమీద ఉన్నవారికి ఏమి మిగులుతుంది? మూడవది: నిబంధన తప్పని తేలితే, దానిక్రింద బ్రతికేవారు దానిని మార్చగలరా? షెన్‌జెన్ మొదటి ప్రశ్నకు సగం సమాధానమే చెప్పింది. రెండవదానికి పాత గ్రామాలవరకు బాగానే చెప్పింది. మూడవదానికి పైవారి ద్వారా తప్ప చెప్పలేదు. ఐనా అది లక్షలాది కుటుంబాలకు అన్నం పెట్టింది. మూడింటికీ నిండుగా సమాధానం చెప్పగల నగరం ఏర్పడితే అది ఇంకెంత మేలు చేయగలదో ఊహించవచ్చు.

దీపస్తంభం క్రింద చదివే విద్యార్థికి కావలసినది తన ఇంట్లో ఒక దీపం. దానికోసం కొత్త నగరమే అవసరమని లేదు. ఉన్న ఊరిలోనే ధర నిబంధనను న్యాయంగా దిద్ది, మరీ బీదవారికి వేరుగా సాయం చేసినా దీపం వస్తుంది. ఆ దిద్దుబాటు ఉన్నచోట సాధ్యం కానప్పుడు, దానిని చేసి చూపే స్థలంగా కొత్త నగరం ఉపయోగపడుతుంది. అక్కడ తేలిన మంచిని మిగిలిన దేశానికి అందించి, కంచె తీసివేసిన నాడు ఆ ప్రయోగం నెరవేరినట్లు.